లెక్కకి ముందు ప్రశ్న: వైద్య సాంకేతికాల మదింపులో స్త్రీల స్థానం

(శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల స్త్రీల సంఘాల కార్యకర్తలు, విశ్వవిద్యాలయ అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతంలోని విశ్వవిద్యాలయంలో వైద్య సాంకేతిక పరిజ్ఞానాన్ని మదింపు చేసే బృందం ఒకటి ఏర్పడితే దాని పరిశోధనా వ్యూహం ఎలా ఉండాలన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. ఈ మాట వినగానే ఇది డాక్టర్లకీ ఆర్థిక శాస్త్రవేత్తలకీ సంబంధించిన వ్యవహారం, స్త్రీల సంఘాలకి ఇందులో ఏం పని అనిపిస్తుంది. అలా అనిపించడమే అసలు సమస్య అని నా అభిప్రాయం.

ముందు ఈ మదింపు అంటే ఏమిటో చూద్దాం. ఒక మందు, ఒక టీకా, ఒక పరీక్ష, ఒక ఆపరేషన్, ఒక యంత్రం - దాన్ని ప్రభుత్వం ప్రజల డబ్బుతో కొనాలా, వద్దా? కొంటే ముందుగా ఎవరికి ఇవ్వాలి? అదే డబ్బు ఇంకోచోట పెడితే ఇంతకంటే ఎక్కువ మేలు జరుగుతుందా? ఈ ప్రశ్నలకి ఆధారాలతో జవాబు వెతకడమే మదింపు. బ్రిటన్‌లో 1999లో ఏర్పడిన నైస్ అనే సంస్థ ఈ పనికి పేరు పొందింది. థాయ్‌లాండ్‌లో 2007లో హైటాప్ అనే సంస్థ పుట్టింది. మన దేశంలో కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ కింద 2017 నుంచి ఇందుకోసం ఒక వ్యవస్థ పనిచేస్తోంది. మనకి పక్కనే విశాఖపట్నంలో, వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఆవరణలోనే, కలాం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ టెక్నాలజీ ఉంది. ఎచ్చెర్లలో 2008 నుంచి అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నాయి. రెండు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. కనుక లెక్కలు కట్టే చేతులకి కొరత లేదు. ఏ ప్రశ్న మీద లెక్క కట్టాలో చెప్పే మనుషుల్ని ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారన్నదే తేలాలి.

నేను చెప్పదలచుకున్న ప్రధానమైన మాట ఒకటే. మదింపులో అసలు అధికారం ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అని నిర్ణయించేవాళ్ల చేతుల్లో ఉంటుంది. ఆ నిర్ణయం జరిగే చోట స్త్రీలు లేకపోతే, తర్వాత కూడికలు ఎంత శ్రద్ధగా చేసినా ఆ ఫలితం స్త్రీల మీద బరువు పెంచేదిగానే ఉండవచ్చు. ఈ మాటని మన జిల్లాల అనుభవంతో పరిశీలిద్దాం.

మనకి తెలిసిన చరిత్ర

వైద్య సాంకేతికాన్ని ప్రశ్నించడం తెలుగు స్త్రీల ఉద్యమానికి కొత్త కాదు. 1985లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్ మీద ప్రయోగం తలపెట్టారు. రెండు నెలలకోసారి వేసే హార్మోన్ ఇంజక్షన్ అది. తమ మీద జరగబోయేది ప్రయోగమన్న సంగతి అక్కడికి వచ్చిన స్త్రీలకి సరిగ్గా చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు గమనించారు. 1986లో ఆ సంస్థ, ఢిల్లీలోని సహేలీ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఆ ఇంజక్షన్ వల్ల ఎంతమందికి గర్భం రాకుండా ఆగుతుందన్నది ప్రయోగం చేసేవాళ్ల ప్రశ్న. నెల తప్పితే, రక్తస్రావం ఆగకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది స్త్రీల ప్రశ్న. మొదటి ప్రశ్నకి పట్టికలుంటాయి. రెండో ప్రశ్నకి పట్టికలో గడి ఉండదు.

2009లో ఖమ్మం జిల్లాలో మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్.పి.వి. టీకా వేశారు. అమెరికాకి చెందిన పాత్ అనే సంస్థ ఐ.సి.ఎం.ఆర్.తో, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి నడిపిన కార్యక్రమం అది. వారిలో ఎంతోమంది గిరిజన బాలికలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు అనుమతి పత్రాల మీద సంతకాలు చేశారు. కొందరు బాలికలు మరణించిన వార్తలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపారు. ఆ మరణాలకి టీకాతో సంబంధం కనపడలేదని విచారణ సంఘం చెప్పింది. ఐతే అనుమతులు తీసుకున్న పద్ధతినీ, టీకా తర్వాత వచ్చే ఇబ్బందుల్ని నమోదు చెయ్యడంలో జరిగిన లోపాల్నీ పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన స్త్రీలని చంపుతున్న జబ్బు. దాన్ని నివారించే టీకా వద్దని నేను అనడం లేదు. 2009లో మూడు మోతాదులుగా వేసిన ఆ టీకా, వయసులో ఉన్న ఆడపిల్లలకి ఒక్క మోతాదు వేసినా సరిపోవచ్చని 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే ఖర్చూ, పిల్లల మీద పడే సూదులూ మూడోవంతుకి వచ్చాయి. నిదానంగా, నిజాయితీగా చేసే మదింపు వల్ల ఎంత మేలు జరగగలదో ఇది చూపిస్తుంది. తొందరపాటుతో, పేద పిల్లల సంతకం కూడా అడగకుండా చేసే పని వల్ల మంచి టీకా మీద కూడా జనానికి నమ్మకం ఎలా పోతుందో ఖమ్మం చూపిస్తుంది.

శ్రీకాకుళం జిల్లా స్త్రీలకి నిపుణుల నివేదికలతో ఇంకోరకం పరిచయం కూడా ఉంది. సోంపేట బీల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. చేపలు, జమ్ము, పశువుల మేత, సాగునీరు ఇచ్చే చిత్తడి నేలని బీడుభూమిగా చూపించి థర్మల్ కేంద్రానికి అనుమతి ఇచ్చారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదేరోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. జమ్ము కోసే స్త్రీని ఒక్క మాట అడిగి ఉంటే అది బీడు కాదని తెలిసేది. కాగితం మీద లేని ఉపయోగం ఉపయోగమే కాదనుకునే పద్ధతి వైద్య రంగంలోకి రాకుండా చూసుకోవడం మన పని.

ఉద్దానం: ఒక యంత్రం, ఇద్దరి దినాలు

మన బృందం ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, నేను ఉద్దానం అంటాను. కొబ్బరి, జీడి, పనస తోటల వల్ల ఉద్యానవనం అన్న మాటనుంచి ఆ పేరు వచ్చిందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మధుమేహం గానీ రక్తపోటు గానీ లేనివాళ్లకి కూడా మూత్రపిండాలు చెడిపోతున్నాయి. 2019, 2020లలో వెలువడిన రెండు పెద్ద సర్వేల ప్రకారం పెద్దవాళ్లలో సుమారు ఐదుగురికి ఒకరిలో ఈ జబ్బు లక్షణాలున్నాయి. వాళ్లలో చాలామందికి కారణం తెలియలేదు. ఎండలో కష్టం, నీళ్లు తక్కువ తాగడం, నేలలో నీటిలో ఉండే పదార్థాలు, నొప్పి బిళ్లలు - ఇలా ఎన్నో అనుమానాలున్నాయి, ఏ ఒక్కటీ రుజువు కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని తెచ్చే 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం కూడా అదేరోజు ప్రారంభించారు. ఇవి దశాబ్దాల పోరాటం వల్ల వచ్చిన సౌకర్యాలు. వాటిని తక్కువ చెయ్యకూడదు.

ఇప్పుడు డయాలిసిస్ లెక్క చూడండి. ప్రమాణం ప్రకారం వారానికి 3 సార్లు, ఒక్కో విడత 4 గంటలు. ఏడాదికి 156 విడతలు. మామూలు మదింపులో ఒక్కో విడతకి యంత్రం, ఫిల్టరు, సూదులు, నీరు, కరెంటు, సిబ్బంది జీతం లెక్కవేస్తారు. ప్రభుత్వ పథకం కింద రోగి డబ్బు కట్టనక్కర్లేదు కనుక 'రోగికి ఖర్చు లేదు' అని రాసేస్తారు. ఐతే మందస మండలంలోని ఒక ఊరినుంచి పలాస రావాలంటే ఆటో, బస్సు, ఎదురుచూపు, నాలుగు గంటల విడత, ఆ తర్వాత నీరసం, తిరుగు ప్రయాణం - మొత్తం ఒక దినం. ఆ స్థితిలో ఉన్న మనిషి ఒంటరిగా రాలేదు కనుక తోడు వచ్చేవారికి ఇంకో దినం. ఏడాదికి 312 దినాలు. మొత్తం ఏడాదిలో ఉన్నవే 365. ఒక మనిషి పూర్తికాలం పనితో సమానమైన ఈ శ్రమ ఏ బడ్జెట్ పద్దులోనూ కనపడదు.

ఆ తోడు వచ్చేదెవరు? భర్తకి జబ్బైతే భార్య, కొడుక్కి జబ్బైతే తల్లి అని మనందరికీ తెలుసు. మరి జబ్బు ఆమెకే వస్తే? సర్వేలో జబ్బున్న స్త్రీలు ఎంతమందో, డయాలిసిస్ కుర్చీలో కూర్చున్న స్త్రీలు ఎంతమందో, ఈ రెండు సంఖ్యల మధ్య తేడా ఎంతో కనుక్కోవడం మన బృందం చెయ్యాల్సిన మొదటి పని. దానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కేంద్రాల రిజిస్టర్లు, ఊళ్లలో ఆశా కార్యకర్తల పుస్తకాలు, తీరిగ్గా కూర్చుని వినే ఓపిక చాలు. వారానికి 3 సార్లు రావాల్సిన మనిషి 2 సార్లే వస్తుంటే, ఎందుకని అడగాలి. జీడి పరిశ్రమలో దినకూలికి వెళ్లే స్త్రీ డయాలిసిస్ మానేసిందని 'చికిత్సకి సహకరించని రోగి' అని రాయడం తేలిక. ఆ రోజు కూలి పోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందని అడగడం కష్టం.

ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలిసిస్ ఒకటుంది. పొట్టలోకి అమర్చిన గొట్టం ద్వారా రోజుకి సుమారు నాలుగుసార్లు రెండేసి లీటర్ల ద్రవం ఎక్కించి దించుతారు. థాయ్‌లాండ్ ప్రభుత్వం మదింపుల ఆధారంగా 2008లో 'ముందు ఇదే' అన్న విధానం పెట్టింది. 2022లో దాన్ని మార్చి, ఏ పద్ధతి కావాలో రోగి, డాక్టరు కలిసి ఎంచుకునే వీలిచ్చింది. మన దేశంలో కూడా జాతీయ డయాలిసిస్ కార్యక్రమం 2016లో మొదలైతే, ఇంటి డయాలిసిస్‌కి మార్గదర్శకాలు 2019లో వచ్చాయి. ప్రయాణాలు తప్పుతాయి కనుక ఉద్దానానికి ఇది మంచిదేమో అని నాకూ అనిపిస్తుంది. ఐతే ఇంటికి వచ్చిన ఆసుపత్రిలో నర్సు ఎవరు? చేతులు కడిగి, గది తుడిచి, సంచులు మోసి, గొట్టం దగ్గర చీము పడుతోందా అని చూసేది ఎవరు? ప్రభుత్వానికి ఆదా అయిన జీతం ఇంట్లో స్త్రీ జీతం లేని పనిగా మారితే, దాన్ని ఆదా అనవచ్చా? అంటే ఈ పద్ధతి వద్దని కాదు. ఇంటి మనిషికి శిక్షణ, వారానికోసారి వచ్చే నర్సు, సంరక్షకురాలికి భృతి - ఇవి కలిపి లెక్క కట్టండి. అప్పుడు కూడా అది మెరుగ్గా కనిపిస్తే సంతోషంగా ఒప్పుకుందాం.

మార్పిడి ఆపరేషన్ల సంగతి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. జాతీయ సంస్థ లెక్కల ప్రకారం 1995 నుంచి 2021 వరకు దేశంలో జరిగిన 36,640 అవయవ మార్పిళ్లలో స్త్రీలకి జరిగినవి 6,945 మాత్రమే. బతికుండగా అవయవం ఇచ్చేవాళ్లలో మాత్రం స్త్రీలే చాలా ఎక్కువ. వాళ్లలో భార్యలూ తల్లులే అధికం. 'మార్పిడి డయాలిసిస్ కంటే చవక' అన్న వాక్యం నిజమే కావచ్చు. ఆ వాక్యంలో కిడ్నీ ఇచ్చిన స్త్రీ ఎక్కడుంది? ఆపరేషన్ తర్వాత ఆమె ఆరోగ్యాన్ని ఎన్నేళ్లు చూశారు? ఉద్దానంలోనైతే ఇంకో చిక్కుంది. అదే నీళ్లు తాగి, అదే ఎండలో పనిచేసిన భార్య మూత్రపిండాలు రేపు ఎలా ఉంటాయో ఎవరు చెప్పగలరు?

పరీక్షల విషయం కూడా స్త్రీల విషయమే. మూత్రంలో ముంచి చూసే పట్టీ చవక. ఐతే కారణం తెలియని ఈ జబ్బులో తొలిదశలో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. అంచేత పట్టీ 'బాగుంది' అని చెప్పేస్తుంది. రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. అది కండరాల నుంచి వచ్చే పదార్థం. కండ తక్కువున్న మనిషికి, అంటే ఏళ్ల తరబడి చాలీచాలని తిండి తిన్న పల్లెటూరి స్త్రీకి, మూత్రపిండం చెడినా ఆ అంకె మామూలుగా కనపడే ప్రమాదం ఉంది. క్రియాటినిన్ నుంచి మూత్రపిండాల శక్తిని కట్టే సూత్రాలు ప్రధానంగా పాశ్చాత్య దేశాల జనాభా మీద తయారైనవి. సిస్టాటిన్-సి అనే ఇంకో పరీక్ష కండ మీద అంతగా ఆధారపడదు, కాని ఖరీదు ఎక్కువ. ఉద్దానంలో ఎవరికి ఏ పరీక్ష చెయ్యాలి, ఖరీదైన పరీక్ష ఎంతమంది స్త్రీలని ముందే గుర్తించగలదు అన్నది నూటికి నూరుపాళ్లు మదింపు బృందం చెయ్యాల్సిన అధ్యయనం. అది చేసిపెట్టమని మనం అడగాలి.

గర్భసంచి: చేసేదాన్నే కాదు, చెయ్యనిదాన్నీ లెక్కించాలి

రెండో అంశం గర్భసంచి తొలగింపు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ జరిగినవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. రాష్ట్రాలన్నిటిలో మనదే ఎక్కువ. చిన్న వయసులో పెళ్లి, వెంట వెంటనే కాన్పులు, ఇరవై అయిదేళ్లు నిండకుండానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ముప్పై దాటేసరికి గర్భసంచి ఆపరేషన్. ఈ వరస మన ఊళ్లలో ఎంత మామూలైపోయిందంటే దాన్నెవరూ వైద్య సాంకేతికంగా చూడరు. ఆడదాని బతుకులో ఒక ఘట్టంగా చూస్తారు. 'పిల్లలు పుట్టేశారు, ఇంకా సంచెందుకు' అన్న మాట డాక్టరు నోటా వస్తుంది, అత్త నోటా వస్తుంది, చివరికి ఆమె నోటా వస్తుంది.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట మూడు జిల్లాల్లో మొదలైంది. వాటిలో శ్రీకాకుళం ఒకటి. పేదలకి పెద్ద ఆపరేషన్లు అందడం చిన్న విషయం కాదు. కాని ఏ బీమా పథకమైనా ఆపరేషన్‌కి డబ్బిస్తుంది. ఆపరేషన్ లేకుండా నయం చేసిన డాక్టరుకి ఇచ్చేది తక్కువ. అధిక రక్తస్రావానికి ట్రానెక్సామిక్ ఆమ్లం బిళ్లలున్నాయి. రక్తహీనతకి చికిత్స ఉంది. తెల్లబట్టకి కారణమైన ఇన్‌ఫెక్షన్లకి మందులున్నాయి. హార్మోన్ విడుదలచేసే లూప్ ఉంది. నైస్ సంస్థ 2007లోనే అధిక రక్తస్రావానికి ఈ లూప్‌ని ముందు వరసలో పెట్టింది.

ఇక్కడ మన ఉద్యమానికి కూడా ఒక పరీక్ష ఉంది. దీర్ఘకాలం పనిచేసే హార్మోన్ల సాధనాలని మనం అనుమానంతో చూస్తూ వచ్చాం. దానికి కారణాలున్నాయి. ఇప్పుడు అదే కోవలోని ఒక సాధనం గర్భసంచిని కాపాడగలదని అంటున్నారు. రక్తం మరకల గురించి, నెలసరి ఆగిపోవడం గురించి, లూప్ ఎప్పుడు తీయించుకోవాలన్నా తీసే దిక్కుందా అన్న విషయం గురించి ఇక్కడి స్త్రీల అనుభవాలు సేకరించకుండా అవుననీ అనలేం, కాదనీ అనలేం. మందులు, లూప్, ఆపరేషన్ - ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఐదేళ్ల తర్వాత, పదేళ్ల తర్వాత నడుంనొప్పి, ఎముకల బలం, పని చేసుకునే శక్తి ఎలా ఉన్నాయో చూసే అధ్యయనం కావాలి. అనవసరంగా గర్భసంచులు తీసేయడాన్ని అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలుచెయ్యమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలని ఆదేశించింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలు ఉండాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన విశ్వవిద్యాలయ బృందం ఆ కమిటీలకి ఆధారాలు అందించేదిగా ఉంటే, పరిశోధన అల్మరాలో పడి ఉండదు.

కొండమీద ఒక కార్డు

మూడో అంశం గిరిజన ప్రాంతానిది. 2022 ఏప్రిల్‌లో పాత విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. సవరలు, జాతాపులు, కొండదొరలు ఉండే కొండలవి. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపువాళ్లు 7 కోట్ల మందికి పరీక్షలు చెయ్యాలన్నది లక్ష్యం. పరీక్ష చేసి కార్డు ఇస్తారు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి కనుక, పెళ్లికి ముందు కార్డులు చూసుకోమని సలహా ఇస్తారు.

పరీక్ష మంచిదే. జబ్బున్న పిల్లలకి హైడ్రాక్సీయూరియా అందితే నొప్పులు తగ్గుతాయి. ఐతే మదింపు చేసేవాళ్లు పరీక్ష ఎంత కచ్చితం, ఒక్కోదానికి ఎంత ఖర్చు అన్న దగ్గర ఆగిపోతారు. ఆ కార్డు ఒక ఆడపిల్ల చేతిలో, ఒక మగపిల్లాడి చేతిలో ఒకేలా పనిచేస్తుందా? వాహకత్వం జబ్బు కాదని అందరికీ వాళ్ల భాషలో చెప్పారా? పిల్ల పుట్టాక జబ్బు బయటపడితే నింద ఎవరి మీద పడుతుంది? ఈ ప్రశ్నలు తర్వాత వేసుకునేవి కావు. సవర భాష తెలిసిన పరిశోధక విద్యార్థినులు ముందునుంచీ బృందంలో ఉంటే తప్ప వీటికి జవాబు దొరకదు. మందు లేకుండా పరీక్ష మాత్రమే అందే ఊళ్లు ఎన్ని అన్నది కూడా అక్కడే లెక్కపెట్టాలి.

కొలబద్దల గురించి

మదింపులో ఆరోగ్యాన్ని కొలవడానికి ప్రపంచమంతటా వాడే ఒక ప్రశ్నపత్రం ఉంది. అందులో ఐదు అంశాలు: నడవగలరా, మీ పని మీరు చూసుకోగలరా, రోజువారీ పనులు చెయ్యగలరా, నొప్పి ఉందా, దిగులు ఉందా. ఈ జవాబుల నుంచి ఆయుష్షుని, దాని నాణ్యతని కలిపి ఒక అంకె తీస్తారు. ఆ అంకెకి ఎంత డబ్బు పెట్టవచ్చో దేశ తలసరి ఆదాయంతో పోల్చి చూస్తారు.

'రోజువారీ పనులు చెయ్యగలుగుతున్నారా?' అని గర్భసంచి జారిన స్త్రీని అడగండి. చేస్తున్నాను అంటుంది. చెయ్యక తప్పదు కనుక చేస్తోంది. ఆ జవాబు 'సమస్య లేదు' అన్న గడిలో పడుతుంది. ఆమె ఓర్పే ఆమెకి వ్యతిరేక సాక్ష్యమౌతుంది. ఈ ప్రశ్నపత్రాన్ని పారేయమని నేననను. పక్కన ఇంకో ప్రశ్న చేర్చమంటాను: 'ఆ పని చెయ్యడానికి ఎంత బాధ ఓర్చుకుంటున్నావు? నువ్వు చెయ్యకపోతే చేసేవాళ్లు ఇంట్లో ఉన్నారా?'

ఇంకొకటి. మన జాతీయ మార్గదర్శకాలు సమాజం వైపునుంచి చూడమంటాయి, కుటుంబాలు జేబులోంచి పెట్టే ఖర్చుని కలపమంటాయి. మంచి మాట. జేబు లేని మనిషి పెట్టే ఖర్చు మాటేమిటి? ఆమె కాలానికి ధర కట్టాల్సి వస్తే మార్కెట్ కూలి ప్రకారం కడతారు. స్త్రీ కూలి పురుషుడి కూలి కంటే తక్కువ కనుక, మార్కెట్లో ఉన్న అన్యాయం లెక్కలోకి దర్జాగా వచ్చి కూర్చుంటుంది. స్త్రీ కాలాన్ని ఆదా చేసే పద్ధతి తక్కువ విలువైనదిగా, పురుషుడి కాలాన్ని ఆదా చేసేది ఎక్కువ విలువైనదిగా తేలుతుంది. కనీసం ఇద్దరి దినానికీ ఒకే ధర కట్టాలని మొదటిరోజే తీర్మానించుకోవాలి.

వ్యూహం ఎలా ఉండాలి?

ఇంతవరకు చెప్పినదాని నుంచి కొన్ని ప్రతిపాదనలు మీ ముందు పెడుతున్నాను. చర్చించండి, మార్చండి.

ఒకటి. ప్రశ్నల ఎంపిక ఊళ్లనుంచి జరగాలి. ఏడాదికి రెండుసార్లు మత్స్యకార గ్రామాల్లో, ఉద్దానంలో, ఏజెన్సీలో, పట్టణ బస్తీల్లో సమావేశాలు పెట్టి, అక్కడ వచ్చిన ప్రశ్నల్లోంచే సగం అధ్యయనాలు ఎంచుకోవాలి. కంపెనీ కొత్తగా తెచ్చిన యంత్రం పనికొస్తుందా అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది, దాన్ని అడిగేవాళ్లకి బలముంది. పరికరాలు తయారయ్యే ఆవరణ మనకి ఇంత దగ్గర్లో ఉన్నప్పుడు, విశ్వవిద్యాలయ బృందం దానికి దూరంగా నిలబడి చూసే కన్నుగా ఉండటం అందరికీ మంచిది.

రెండు. ప్రతి అధ్యయనంలో ఖర్చుని మూడు పద్దులుగా విడివిడిగా చూపించాలి: ప్రభుత్వం పెట్టేది, కుటుంబం డబ్బుగా పెట్టేది, కుటుంబంలో ఒక మనిషి శ్రమగా పెట్టేది. ఆ మనిషి ఆడా మగా అన్నది తప్పక నమోదు చెయ్యాలి. మూడింటినీ కలిపేసి ఒక్క అంకె చెప్పవద్దు. కలిపేస్తే మూడోది మాయమౌతుంది.

మూడు. అన్ని ఫలితాల్నీ స్త్రీ పురుషులకి వేరువేరుగా, కులం, తెగ, వయసుల వారీగా ఇవ్వాలి. 'సగటు రోగి' అనే మనిషి ఏ ఊళ్లోనూ ఉండదు.

నాలుగు. అనుమతి పత్రం తెలుగులో, అవసరమైన చోట సవరలో, ఒడియాలో ఉండాలి. చదివి వినిపించాలి. ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల బదులు హాస్టలు అధికారి సంతకం చెల్లదని రాసుకోవాలి. ఏదైనా వికటిస్తే ఎవరు చికిత్స చేయిస్తారో పేరుతో సహా ఆ పత్రంలో ఉండాలి.

ఐదు. నివేదిక ప్రభుత్వానికి వెళ్లే రోజునే దాని తెలుగు సారాంశం ఆ ఊరి పంచాయతీకి వెళ్లాలి. డబ్బు ఎవరిచ్చారో మొదటి పేజీలో ఉండాలి. ఫలితం నచ్చలేదని దాచే హక్కు డబ్బిచ్చినవాళ్లకి ఉండకూడదు.

ఆరు. బృందంలో డాక్టరు, ఆర్థికవేత్త, గణాంక నిపుణులతో పాటు ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తలకి గౌరవవేతనంతో స్థానం ఉండాలి. వాళ్లని సమాచారం సేకరించే చేతులుగా మాత్రమే వాడుకోవడం చాలాకాలంగా సాగుతోంది.

మొదటి రెండేళ్లకి మూడు అధ్యయనాలు చాలు: ఉద్దానంలో స్త్రీలకి సరైన పరీక్ష, సంరక్షకుల శ్రమతో సహా డయాలిసిస్ పద్ధతుల పోలిక, గర్భసంచి ఆపరేషన్‌కి ప్రత్యామ్నాయాలు. నాలుగోది, సికిల్ సెల్ కార్డుల ప్రభావం, గిరిజన విశ్వవిద్యాలయంతో కలిసి నెమ్మదిగా మొదలుపెట్టవచ్చు.

రెండు అభ్యంతరాలు రావచ్చు. ఇలా అందరినీ అడుగుతూ కూర్చుంటే ఆలస్యమౌతుంది, ఈలోగా మనుషులు చనిపోతారు అంటారు. న్యాయమైన ఆందోళనే. అందుకే డయాలిసిస్ ఆపి పరిశోధించమని ఎవరూ అనటం లేదు. నడుస్తున్నదాన్ని నడవనిస్తూనే ఎవరికి అందడం లేదో చూడమంటున్నాం. రెండో అభ్యంతరం, స్త్రీల శ్రమ, బాధ, అవమానం ఇవన్నీ కొలవలేనివి, శాస్త్రంలో ఇమడవు అని. ప్రయాణానికి పట్టిన గంటలు కొలవవచ్చు. పోయిన కూలి కొలవవచ్చు. మానేసిన విడతలు కొలవవచ్చు. తోడు ఎవరు వచ్చారో రాసుకోవచ్చు. ఇవేవీ కొలవడానికి కష్టమైనవి కావు, కొలవాలని ఎవరికీ తోచనివి. మిగిలినవాటిని కొలవలేకపోతే మాటల్లో రాయండి. అంకె లేని చోట సున్నా మాత్రం వెయ్యకండి.

చివరిగా స్త్రీల సంఘాలకి ఒక మాట. ఈ బృందం ఏర్పడేదాకా మనం ఎదురుచూడనక్కర్లేదు. వచ్చే మూడు నెలల్లో మీమీ ఊళ్లలో డయాలిసిస్‌కి వెళ్లే ఇళ్లలో తోడు ఎవరు వెళ్తున్నారు, వారానికి ఎన్ని దినాలు పోతున్నాయి అని ఒక నోటుపుస్తకంలో రాయండి. ముప్పై ఐదేళ్లు నిండకుండా గర్భసంచి తీయించుకున్నవాళ్లకి ముందు ఏ మందు ఇచ్చారు, ఎన్నాళ్లు ఇచ్చారు అని, వాళ్లకిష్టమైతేనే, పేర్లు లేకుండా రాయండి. విశ్వవిద్యాలయం తలుపు తట్టేటప్పుడు చేతిలో ఆ పుస్తకం ఉండాలి. అప్పుడు వాళ్లు మనల్ని సమాచారం ఇచ్చేవాళ్లుగా చూడలేరు, ప్రశ్న వేసేవాళ్లుగా కూర్చోబెట్టక తప్పదు.